సోవియట్ పతనానంతర భారత దౌత్యం

సోవియట్ పతనానంతర భారత దౌత్యం అనగా 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత, మారిన ప్రపంచ బలాబలాలకు అనుగుణంగా భారతదేశం తన విదేశీ సంబంధాలను మలచుకున్న తీరు. రెండు అగ్రరాజ్యాల ప్రపంచం పోయి కొంతకాలం ఒకే అగ్రరాజ్యం మిగిలింది. చైనా ఎదుగుదలతో ఆ స్థితి కూడా మారింది. ఈ రెండు మార్పులనూ భారతదేశం ఏ సైనిక కూటమిలోను చేరకుండానే ఎదుర్కొన్నది. 1991-96 మధ్య ప్రధానమంత్రిగా ఉన్న పి.వి.నరసింహారావు కాలంలో ఈ దౌత్యానికి పునాది పడింది. తరువాత వచ్చిన ప్రభుత్వాలు, పార్టీలు వేరైనప్పటికీ, చాలావరకు అదే బాటలో నడిచాయి.

అయితే 1991లో అందరూ చూసిన మార్పు ఒకటి, చాలామంది చూడని మార్పు మరొకటి. మాస్కోలో ఎర్రజెండా దిగడాన్ని ప్రపంచమంతా టెలివిజన్‌లో చూసింది. హిమాలయాలకు ఆవల జరుగుతున్న మార్పు అంతగా కంటికి కనబడలేదు. 1990లో భారత, చైనాల స్థూల దేశీయోత్పత్తి డాలర్ల లెక్కలో ఇంచుమించు సమానం. 2024 నాటికి చైనాది భారతదేశపు ఉత్పత్తికి దాదాపు ఐదు రెట్లు. మొదటి మార్పుకు భారతదేశం ఇచ్చిన జవాబు చురుకైనది, తెలివైనది. రెండవ మార్పుకు ఇవ్వవలసిన జవాబు ఇంకా పూర్తి కాలేదు.

నేపథ్యం

స్వాతంత్ర్యానంతరం జవహర్‌లాల్ నెహ్రూ రూపొందించిన అలీన విధానాన్ని పాఠ్యపుస్తకాలు రెండు శిబిరాలకు సమానదూరంగా ఉండడమని వర్ణిస్తాయి. ఇది పూర్తిగా సరి కాదు. అవసరం వచ్చినప్పుడు భారతదేశం ఏదో ఒక వైపు ఒరగక తప్పలేదు. 1962లో చైనా సైన్యం చొచ్చుకు వచ్చినప్పుడు నెహ్రూ అమెరికా సైనిక సహాయాన్ని కోరారు. 1965-67 కరువుకాలంలో అమెరికా నుంచి పి.ఎల్-480 పథకం కింద వచ్చిన గోధుమలే దేశాన్ని గట్టెక్కించాయి. ఆ గోధుమల ఓడలను విడుదల చేయడంలో అధ్యక్షుడు జాన్సన్ కావాలనే జాప్యం చేసేవారు. వియత్నాం యుద్ధంపై భారతదేశం చేసిన విమర్శ అందుకు ఒక కారణం. తిండికి ఇతరులపై ఆధారపడిన దేశం మాట్లాడే మాటకు ఎంత విలువ ఉంటుందో ఆ రోజులలో ఢిల్లీకి తెలిసివచ్చింది.

1971 ఆగస్టు 9న భారత విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్, సోవియట్ విదేశాంగ మంత్రి ఆంద్రే గ్రొమికో ఢిల్లీలో శాంతి, మైత్రి, సహకార ఒప్పందంపై సంతకాలు చేశారు. ఏ ఒక్క దేశంపైనైనా దాడి జరిగినా, దాడి ముప్పు ఏర్పడినా రెండు దేశాలూ వెంటనే సంప్రదించుకోవాలని దాని 9వ అధికరణం చెబుతుంది. అమెరికా భద్రతా సలహాదారు కిసింజర్ ఒక నెల ముందు పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్ళి రావడం ఈ ఒప్పందాన్ని త్వరితం చేసింది. ఆ డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతుండగా భద్రతామండలిలో భారతదేశానికి ప్రతికూలంగా వచ్చిన తీర్మానాలను సోవియట్ యూనియన్ మూడుసార్లు వీటో చేసింది. అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి ప్రవేశించినా యుద్ధ ఫలితం మారలేదు.

అప్పటినుంచి ఇరవై ఏళ్ళపాటు భారతదేశానికి ఆయుధాలు, చమురు, వీటో, రూపాయలలో సాగే వ్యాపారం ఒకే చోటినుంచి లభించాయి. తెలుగునాట ఆ సంబంధపు ఆనవాళ్ళు చాలా ఉన్నాయి. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. హైదరాబాదులో ఐ.డి.పి.ఎల్ మందుల కర్మాగారం సోవియట్ సహాయంతో నిర్మించినదే. విశాఖ సముద్రతీరంలో నేడు ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామి సోవియట్ నిర్మితం. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసిన తెలుగు పుస్తకాలు, నున్నని కాగితం, రంగుల బొమ్మలతో, అతి తక్కువ ధరకు విశాలాంధ్ర పుస్తకశాలలలో దొరికేవి. నా తరంవారిలో చాలామంది ప్రపంచ సాహిత్యాన్ని మొదట చదివింది వాటిలోనే.

1991: రెండు దెబ్బలు

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర పెరిగింది. గల్ఫ్ నుంచి ప్రవాసులు పంపే డబ్బు తగ్గింది. సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాలలో వెనక్కు తీసుకురావలసి వచ్చింది. 1991 జనవరి నాటికి దేశం వద్ద ఉన్న విదేశీ మారకద్రవ్యం సుమారు 120 కోట్ల డాలర్లు. జూన్ నాటికి అది ఇంకా సగానికి తగ్గి, కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితి ఏర్పడింది. మే నెలలో 20 టన్నుల బంగారాన్ని స్విట్జర్లాండు బ్యాంకుకు అమ్మారు. జూలైలో మరో 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద తాకట్టు పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చారు.

ఈ లేమి దౌత్యాన్ని ఎలా వంచిందో ఒక ఉదంతం చెబుతుంది. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలైనప్పుడు, ఇరాక్‌తో దశాబ్దాల స్నేహం ఉన్నప్పటికీ, చంద్రశేఖర్ ప్రభుత్వం అమెరికా సైనిక విమానాలు భారతదేశంలో ఇంధనం నింపుకోవడానికి అనుమతించింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి అప్పుకు అమెరికా అండ కావలసిన రోజులవి. దేశంలో గగ్గోలు పుట్టాక ఆ అనుమతిని ఉపసంహరించారు.

1991 జూన్ 21న పి.వి.నరసింహారావు ప్రధానమంత్రి అయ్యారు. అంతకు ముందు రెండు పర్యాయాలు విదేశాంగ శాఖను నిర్వహించిన అనుభవం వీరికున్నది. రెండు నెలలకే, ఆగస్టు 19న, మాస్కోలో గోర్బచేవ్‌పై కుట్ర జరిగింది. సంస్కరణలలో తొందరపాటు చూపేవారికి ఇది హెచ్చరిక అనే ధోరణిలో పి.వి. స్పందించారు. మూడు రోజులకే కుట్ర విఫలం కావడంతో ఆ స్పందన ఇబ్బందికరంగా మారింది. ఎన్నో భాషలు తెలిసిన, మాట్లాడటం కంటె మౌనంగా ఉండటానికే పేరుపడిన నాయకుడు ఆ ఒక్కసారి తొందరపడ్డారు. డిసెంబరు చివరి వారంలో సోవియట్ యూనియన్ అంతరించి పదిహేను దేశాలు ఏర్పడ్డాయి. మా పాఠశాల గోడపై ఉన్న ప్రపంచపటం మాత్రం ఆ తరువాత ఏడెనిమిదేళ్ళు అలాగే ఉన్నది. పిల్లలకు ఆ పెద్ద గులాబీరంగు దేశం ఇప్పుడు లేదని ప్రతి ఏడూ చెప్పవలసి వచ్చేది.

పాత మిత్రునితో లెక్కలు

1990-91లో భారత ఎగుమతులలో సుమారు ఆరవ వంతు సోవియట్ యూనియన్‌కే వెళ్ళేవి. రెండేళ్ళలో ఈ వాటా కొద్ది శాతానికి పడిపోయింది. సైన్యపు కష్టం మరొక విధమైనది. ఆయుధాలలో అధిక భాగం సోవియట్ తయారీ కాగా, వాటి విడిభాగాలు చేసే కర్మాగారాలు ఇప్పుడు వేర్వేరు దేశాలలో ఉన్నాయి. ఉదాహరణకు వాయుసేన రవాణా విమానం ఏ.ఎన్-32ను తయారు చేసే సంస్థ ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఉన్నది. ఒక్క దేశంతో సాగిన బేరం అనేక దేశాలతో సాగించవలసి వచ్చింది. ధరలు కూడా రూపాయలలో కాక డాలర్లలో అడగసాగారు.

1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు ఎల్త్సిన్ ఢిల్లీ వచ్చారు. 1971 ఒప్పందం స్థానంలో కొత్త మైత్రీ ఒప్పందం కుదిరింది. కాని దానిలో పాత 9వ అధికరణపు బలం లేదు. సోవియట్ కాలపు అప్పులో కొంత భాగాన్ని 12 ఏళ్ళలో, మిగిలినదాన్ని వడ్డీ లేకుండా 45 ఏళ్ళలో తీర్చేటట్లు అంగీకారం కుదిరింది.

ఆ పర్యటనలోనే ఎల్త్సిన్ మరొక హామీ ఇచ్చారు. అది క్రయోజెనిక్ ఇంజన్ల విషయం. ద్రవరూప హైడ్రోజన్, ఆక్సిజన్‌లను అతిశీతల స్థితిలో మండించే ఈ ఇంజన్ లేనిదే బరువైన ఉపగ్రహాలను భూస్థిర కక్ష్యవైపు పంపడం కష్టం. 1991 జనవరిలో ఇస్రో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఇంజన్లను, వాటిని తయారు చేసే పరిజ్ఞానాన్ని కూడా కొనేందుకు ఒప్పందం చేసుకున్నది. ఇది క్షిపణి పరిజ్ఞాన నియంత్రణ నిబంధనలకు విరుద్ధమంటూ 1992 మే నెలలో అమెరికా రెండు సంస్థలపైనా రెండేళ్ళు ఆంక్షలు విధించింది. క్రయోజెనిక్ ఇంజన్‌కు ఇంధనం నింపడానికే ఎంతో సమయం పడుతుంది కనుక యుద్ధక్షిపణికి అది ఏమాత్రం అనువైనది కాదని శాస్త్రజ్ఞులు చెప్పినా ఫలితం లేకపోయింది. 1993 జూలైలో రష్యా మాట తప్పింది. అమెరికాతో అంతరిక్ష వ్యాపారం, అంతరిక్ష కేంద్రంలో భాగస్వామ్యం దానికి అప్పుడు ఎక్కువ అవసరం. చివరికి పరిజ్ఞానం ఇవ్వకుండా ఏడు తయారైన ఇంజన్లను మాత్రం ఇచ్చింది.

ఈ ఉదంతం పి.వి. కాలపు దౌత్యంలో ఓటమిగానే లెక్కకు వస్తుంది. మిత్రుడు బలహీనపడితే అతడి మాట కూడా బలహీనపడుతుంది. రష్యా ఇంజన్‌తో తొలి జి.ఎస్.ఎల్.వి. 2001 ఏప్రిల్‌లో శ్రీహరికోట నుంచి ఎగిరింది. స్వదేశీ ఇంజన్‌తో 2010 ఏప్రిల్‌లో జరిపిన ప్రయోగం విఫలమైంది. 2014 జనవరి 5న సఫలమైంది. ఒప్పందం నాటినుంచి లెక్కిస్తే ఇరవై మూడేళ్ళు పట్టింది.

కొత్త ద్వారాలు

ఒక స్తంభం కూలినప్పుడు మరొక స్తంభాన్ని వెదకడం సహజం. 1990లలో తూర్పు ఐరోపా దేశాలు అదే చేశాయి, నాటో వైపు నడిచాయి. భారతదేశం అలా చేయలేదు. చేయగలిగేది కూడా కాదేమో, ఎందుకంటే అమెరికాకు అప్పుడు భారతదేశం అంత ముఖ్యమైనది కాదు. ఢిల్లీలో అమెరికా రాయబారి పదవి 1993-94లో ఏడాదికి పైగా ఖాళీగా ఉన్నదంటే పరిస్థితి ఊహించవచ్చును. అందువల్ల పి.వి. ఒక పెద్ద తలుపు బదులు అనేక చిన్న తలుపులు తెరవడానికి పూనుకున్నారు.

వాటిలో మొదటిది ఇజ్రాయెల్. భారతదేశం ఇజ్రాయెల్‌ను 1950లోనే గుర్తించినా రాయబార కార్యాలయాలు ఏర్పడలేదు. జియోనిజాన్ని జాత్యహంకారంగా పేర్కొన్న 1975 నాటి ఐక్యరాజ్యసమితి తీర్మానానికి అనుకూలంగా ఓటు వేసిన భారతదేశం, 1991 డిసెంబరులో దాని రద్దుకు కూడా అనుకూలంగా ఓటు వేసింది. 1992 జనవరిలో పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్ ఢిల్లీ వచ్చి వెళ్ళారు. ఆ నెల 24న చైనా, 29న భారతదేశం ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ఏర్పరచుకున్నాయి. రెండు రోజుల తరువాత న్యూయార్కులో భద్రతామండలి అగ్రనేతల సమావేశానికి పి.వి. హాజరయ్యారు. అడుగు వేయడానికి ఆయన ఎంచుకున్న సమయం గమనించదగ్గది: అరబ్బులకు ముందే చెప్పి, చైనా తరువాత నిలబడి, అమెరికా వెళ్ళే ముందు.

రెండవది తూర్పు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో భారతదేశం 1992లో కొన్ని రంగాలకు పరిమితమైన చర్చా భాగస్వామి అయ్యింది. 1995లో పూర్తి స్థాయి భాగస్వామ్యం లభించింది. 1994 సెప్టెంబరులో సింగపూరులో పి.వి. చేసిన ప్రసంగం ఈ తూర్పు చూపు విధానానికి ప్రకటన వంటిది. 2014లో దీని పేరు తూర్పు చేత విధానంగా మారింది.

మూడవది ఇరాన్. ఇది అంతగా ప్రచారంలో లేని కథ. కాశ్మీరులో ఉగ్రవాదం తీవ్రంగా ఉన్న కాలం. 1993 సెప్టెంబరులో పి.వి. టెహ్రాన్ వెళ్ళారు. 1994 ఫిబ్రవరి, మార్చి నెలలలో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘం ఎదుట పాకిస్తాన్ కాశ్మీరుపై తీర్మానం తెచ్చింది. ప్రతిపక్ష నాయకుడైన అటల్ బిహారీ వాజపేయిని పి.వి. భారత ప్రతినిధివర్గ నాయకుడిగా పంపారు. సల్మాన్ ఖుర్షీద్, ఫరూఖ్ అబ్దుల్లా ఆయనతో ఉన్నారు. అనారోగ్యంతో ఉన్న విదేశాంగ మంత్రి దినేశ్ సింగ్ ఆ స్థితిలోనే టెహ్రాన్ వెళ్ళి ప్రధాని సందేశాన్ని అందజేశారని చెబుతారు. ఇరాన్, చైనాలు సలహా ఇవ్వడంతో పాకిస్తాన్ ఓటింగుకు ముందే తీర్మానాన్ని వెనక్కు తీసుకున్నది. సోవియట్ వీటో లేని రోజులలో భారతదేశం తనను తాను కాపాడుకున్న తీరు ఇది. చేతిలో సొమ్ము లేదు, వెనుక అగ్రరాజ్యం లేదు. మిగిలినవి మాటనేర్పు, ఇంటిలోని ఐక్యత.

ఈ విజయాలను మరీ పెద్దవి చేసి చూడకూడదు. 1996 అక్టోబరులో భద్రతామండలి తాత్కాలిక స్థానానికి జరిగిన ఎన్నికలో జపాన్‌కు 142 ఓట్లు రాగా భారతదేశానికి 40 మాత్రమే వచ్చాయి.

ఉత్తర సరిహద్దు

1988 డిసెంబరులో రాజీవ్ గాంధీ బీజింగ్ వెళ్ళి, సరిహద్దు తగాదా తేలేవరకు ఆగకుండా మిగిలిన సంబంధాలను పెంచుకోవాలనే అంగీకారానికి వచ్చారు. దాని కొనసాగింపుగా 1993 సెప్టెంబరు 7న, పి.వి. బీజింగ్‌లో ఉండగా, వాస్తవాధీన రేఖ వెంబడి శాంతి, ప్రశాంతతలను కాపాడే ఒప్పందం కుదిరింది. సరిహద్దు ఎక్కడన్నది తేల్చకుండా, ఎవరున్నచోట వారు ఉంటూ బలప్రయోగం చేయరాదని దాని సారాంశం. 1996 నవంబరులో దేవెగౌడ ప్రభుత్వం చేసుకున్న మరొక ఒప్పందం రేఖకు రెండు కిలోమీటర్ల లోపల తుపాకి పేల్చరాదని నిర్దేశించింది.

ఈ ఒప్పందాలకు అప్పటి కారణం స్పష్టం. సోవియట్ అండ పోయింది, ఖజానా ఖాళీ, పశ్చిమాన పాకిస్తాన్‌తో పోరు. అటువంటప్పుడు ఉత్తరాన నిశ్శబ్దం కావాలి. ఆ నిశ్శబ్దం ఇరవై ఏడేళ్ళు నిలిచింది. అంత తక్కువ ఖర్చుతో అంత దీర్ఘకాలం శాంతిని కొన్న ఒప్పందాలు మన దౌత్యచరిత్రలో ఎక్కువ లేవు. కాని ఒక లోపం ఉన్నది. వాస్తవాధీన రేఖ ఎక్కడున్నదో రెండు దేశాలూ కలిసి పటంపై గుర్తించుకోవాలని ఒప్పందాలలో ఉన్నా, ఆ పని మధ్యభాగంతో ఆగిపోయింది. లడఖ్, అరుణాచల్‌లలో పటాల మార్పిడి జరగనే లేదు.

ఆ ఇరవై ఏడేళ్ళను ఇద్దరూ వాడుకున్నారు. భారతదేశం ఆర్థికంగా నిలదొక్కుకున్నది. చైనా అంతకంటె వేగంగా పెరిగింది, టిబెట్టులో రైలుమార్గాలు, రహదారులు సరిహద్దు దాకా వేసింది. భారతదేశంలో సరిహద్దు రహదారుల పని చాలాకాలం మందకొడిగా సాగింది. రోడ్డు వేస్తే శత్రువుకే దారి చూపినట్లవుతుందని భావించిన అధికారులు ఒకప్పుడు ఉండేవారు. ఒప్పందం కాలాన్ని మాత్రమే ఇవ్వగలదు, రోడ్డు వేయలేదు.

అణుపరీక్షలు, అమెరికా

1998 మే 11, 13 తేదీలలో వాజపేయి ప్రభుత్వం పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిపింది. పి.వి. 1995 డిసెంబరులోనే ఇందుకు సన్నాహాలు చేయించగా అమెరికా ఉపగ్రహాలు పసిగట్టడంతో ఆగిపోయాయి. పరీక్షల అనంతరం వాజపేయి అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌కు వ్రాసిన లేఖలో, పేరు చెప్పకపోయినా, చైనాను ప్రధాన కారణంగా సూచించారు. ఆ లేఖ అమెరికా పత్రికకెక్కి బీజింగ్‌కు ఆగ్రహం తెప్పించింది.

అమెరికా ఆంక్షలు విధించింది, వెంటనే చర్చలూ మొదలుపెట్టింది. జస్వంత్ సింగ్, స్ట్రోబ్ టాల్బట్‌ల మధ్య రెండేళ్ళకు పైగా చర్చలు సాగాయి. 2000 మార్చిలో క్లింటన్ భారతదేశానికి వచ్చి హైదరాబాదు హైటెక్ సిటీని కూడా సందర్శించారు. 2005 జూలై 18న మన్మోహన్ సింగ్, జార్జి బుష్‌ల సంయుక్త ప్రకటనతో పౌర అణు ఒప్పందానికి బీజం పడింది. వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకోగా 2008 జూలై 22న ప్రభుత్వం లోక్‌సభలో 275-256 ఓట్లతో విశ్వాసం పొందింది. సెప్టెంబరు 6న అణు సరఫరాదారుల బృందం భారతదేశానికి మినహాయింపు ఇచ్చింది. అణువ్యాప్తి నిరోధక ఒప్పందంపై సంతకం చేయని దేశానికి ఇటువంటి మినహాయింపు లభించడం అసాధారణం. అమెరికా ఇంత దూరం రావడానికి భారతదేశపు ప్రజాస్వామ్యం, సాఫ్ట్‌వేర్ పరిశ్రమ కొంత కారణం కావచ్చును. పెద్ద కారణం చైనాయే. 1993లో మనం పక్కన పెట్టిన ప్రశ్నే 2008లో మనకు లాభం తెచ్చిందన్నమాట.

గాల్వాన్ తరువాత

2020 జూన్ 15 రాత్రి తూర్పు లడఖ్‌లోని గాల్వాన్ లోయలో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు మరణించారు. వారికి నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్ బాబు తెలంగాణలోని సూర్యాపేటకు చెందినవారు. మరణానంతరం ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించారు. తమ సైనికులు నలుగురు మరణించినట్లు చైనా 2021 ఫిబ్రవరిలో వెల్లడించింది. 1996 నాటి నిబంధన ఎంత విచిత్రంగా పనిచేసిందంటే, ఇంత ప్రాణనష్టంలో తుపాకి మాత్రం పేలలేదు. రాళ్ళు, మేకులు దిగగొట్టిన కర్రలతో ఆ పోరు సాగింది.

తరువాతి ఆరు నెలల సంఘటనలు భారత దౌత్యపు స్వభావాన్ని బాగా తెలియజేస్తాయి. వారం గడవకముందే రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ మాస్కో వెళ్ళారు; విడిభాగాలు, ఆయుధాలు త్వరగా పంపమని కోరారు. సైన్యానికి శీతల ప్రాంతపు దుస్తులు అమెరికా నుంచి అత్యవసరంగా తెప్పించారు. సెప్టెంబరు 10న భారత, చైనా విదేశాంగ మంత్రులు జైశంకర్, వాంగ్ యీ మాస్కోలోనే కలుసుకున్నారు. అక్టోబరులో అమెరికాతో భౌగోళిక సమాచార మార్పిడి ఒప్పందం కుదిరింది. నవంబరులో విశాఖపట్నం తీరానికి సమీపంలో భారత, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా నౌకాదళాలు కలిసి మలబార్ విన్యాసాలు జరిపాయి. 1971లో అమెరికా నౌక బెదిరింపుగా వచ్చిన బంగాళాఖాతమే ఇది.

ఇంతమంది సహాయం చేశారు, ఎవరూ పక్షాన నిలబడి యుద్ధం చేస్తామని అనలేదు. అనవలసిన పని కూడా లేదు, ఎందుకంటే భారతదేశం ఎవరికీ అటువంటి మాట ఇవ్వలేదు. అందరితో స్నేహం అనే విధానానికి ఉన్న ధర ఇది.

చైనాపై ఆధారం తగ్గించే ప్రయత్నం కూడా అప్పుడే మొదలైంది. 59 చైనా మొబైల్ యాప్‌లను నిషేధించారు, పెట్టుబడులపై ఆంక్షలు పెట్టారు. అయినా 2019-20లో సుమారు 4,900 కోట్ల డాలర్లున్న వాణిజ్య లోటు 2024-25 నాటికి రెట్టింపై 9,900 కోట్ల డాలర్లు దాటింది. దిగుమతి చేసుకునే ముడి మందులలో సుమారు 70 శాతం చైనావే. ఐ.డి.పి.ఎల్‌లో పని నేర్చిన వారు స్థాపించిన సంస్థలతో హైదరాబాదు మందుల పరిశ్రమకు కేంద్రమైంది. సోవియట్ సహాయంతో పుట్టిన పరిశ్రమ చైనా ముడిసరుకుతో నడుస్తున్నది. ప్రపంచ బలాబలాల మార్పు అంటే ఏమిటని విద్యార్థులు అడిగితే ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు.

2024 అక్టోబరు 21న సరిహద్దు గస్తీపై అంగీకారం కుదిరినట్లు భారతదేశం ప్రకటించింది. రెండు రోజుల తరువాత రష్యాలోని కజాన్‌లో ప్రధాని నరేంద్ర మోదీ, చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ సమావేశమయ్యారు.

రష్యా చమురు, అమెరికా సుంకాలు

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేసింది. ఐక్యరాజ్యసమితిలో రష్యాను ఖండించే తీర్మానాలపై భారతదేశం ఓటింగుకు దూరంగా ఉన్నది. ఆ సెప్టెంబరులో సమర్‌ఖండ్‌లో ఇది యుద్ధాల యుగం కాదని మోదీ పుతిన్‌తో బహిరంగంగానే చెప్పారు. మరోవైపు, యుద్ధానికి ముందు రెండు శాతం లోపు ఉన్న రష్యా చమురు వాటా భారత దిగుమతులలో రెండేళ్ళు తిరగకుండా మూడవ వంతు దాటింది. కారణం స్నేహం కంటె తగ్గింపు ధర. ఆయుధాల విషయంలో మాత్రం దారి వేరుగా ఉన్నది. స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం భారత ఆయుధ దిగుమతులలో రష్యా వాటా 2010-14లో 72 శాతం కాగా, 2020-24లో 36 శాతానికి తగ్గింది.

2025 జూలై 30న రెండు వార్తలు ఒకేరోజు వచ్చాయి. శ్రీహరికోట నుంచి జి.ఎస్.ఎల్.వి. రాకెట్, స్వదేశీ క్రయోజెనిక్ ఇంజన్‌తో, నాసా, ఇస్రోలు కలిసి నిర్మించిన నిసార్ ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. ముప్పై మూడేళ్ళ క్రితం అమెరికా అడ్డుకున్న ఇంజన్ అమెరికా పరికరాలను మోసుకుపోయింది. అదేరోజు అమెరికా అధ్యక్షుడు ట్రంప్ భారత వస్తువులపై 25 శాతం సుంకం ప్రకటించారు. రష్యా చమురు కొంటున్నందుకు మరో 25 శాతం చేర్చడంతో ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతమైంది. రష్యా చమురును భారతదేశం కంటె ఎక్కువగా కొనే చైనాపై ఇటువంటి అదనపు సుంకం పడలేదు. చైనా చేతిలో అరుదైన మృత్తిక ఖనిజాలున్నాయి, వాటిని ఆపితే అమెరికా కర్మాగారాలు కూడా ఆగుతాయి.

ఈ సుంకాల వేడి మొదట తగిలిన వారిలో గోదావరి జిల్లాల రొయ్యల రైతులున్నారు. భారతదేశం నుంచి ఎగుమతయ్యే రొయ్యలలో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లో పెరిగేవి, వాటికి అతిపెద్ద విపణి అమెరికా. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు తెలుగు కుటుంబాలలో మరొక ఆందోళన మొదలైంది. భీమవరం చెరువుగట్టు మీద నిలబడిన రైతుకు ఉక్రెయిన్ యుద్ధంతో సంబంధం ఏమిటని అడిగితే, జవాబు మాస్కో, వాషింగ్టన్‌ల మీదుగా తిరిగి రావలసి ఉంటుంది.

1991తో పోల్చితే భారతదేశపు స్థితి ఎంతో మెరుగు. విదేశీ మారక నిల్వలు 2021 జూన్‌లో తొలిసారి 60,000 కోట్ల డాలర్లు దాటాయి. బంగారం తాకట్టు పెట్టిన రిజర్వు బ్యాంకే 2009లో అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నుల బంగారం కొన్నది. అందువల్ల సుంకాలకు లొంగి ఒకరి పక్షం చేరవలసిన అగత్యం ఏర్పడలేదు. 2025 ఆగస్టు 30న మోదీ ఏడేళ్ళ తరువాత చైనా గడ్డపై అడుగుపెట్టి తియాన్‌జిన్ సమావేశంలో పాల్గొన్నారు. అక్టోబరు 31న కౌలాలంపూరులో అమెరికాతో పదేళ్ళ రక్షణ సహకార పత్రంపై సంతకాలు జరిగాయి. డిసెంబరు మొదటి వారంలో పుతిన్ ఢిల్లీ వచ్చారు.

నాలుగు నెలలలో మూడు పెద్ద దేశాలతో జరిగిన ఈ సమావేశాలను కొందరు విశ్లేషకులు నేర్పుగా, మరికొందరు రెండు పడవలపై కాళ్ళు పెట్టడంగా వర్ణించారు. వాటిలో ఏదీ లడఖ్ ప్రశ్నను తీర్చలేదు. గస్తీ మొదలైనా, 2020లో రెండు వైపులా తరలించిన వేలాది సైనికులలో అధికభాగం 2025 చివరినాటికి కూడా అక్కడే ఉన్నారు.